భారీ చమురును ఆవిరితో తీయాలంటే ఏ పద్ధతి మేలు?

మా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఆవిరి టర్బైన్‌ను తిప్పి, చల్లబడి, నీరై మళ్లీ బాయిలర్‌కే చేరుతుంది. చమురు క్షేత్రంలో అలా కాదు. అక్కడ ఆవిరి భూమిలోకి పోతుంది, పైకి వచ్చేది చమురూ ఉప్పూ ఇసుకా కలిసిన నీరు. అందుకే ఈ పద్ధతులను పోల్చేటప్పుడు మొత్తం ఎంత చమురు వస్తుందని కాక, ఒక పీపా చమురుకు ఎన్ని పీపాల నీటిని ఆవిరి చేయాలని ముందుగా అడగాలని నా అభిప్రాయం.

అరిసెల పాకం పొయ్యి మీద ఉన్నంతసేపే జారుతుంది, దించి చల్లారనిస్తే గరిటెకు అంటుకుపోతుంది. భారీ చమురు, అంటే బాగా చిక్కటి ముడి చమురు, స్వభావమూ అదే కనుక వేడి తగిలితే దాని జిగట ఎన్నో రెట్లు తగ్గుతుంది.

మొదటి పద్ధతిలో ఒకే బావిలోకి కొన్ని వారాలు ఆవిరి పంపి, కొన్నాళ్లు మూసి ఉంచి, తర్వాత అదే బావి నుంచి చమురు తోడతారు. 1959లో వెనిజులాలోని మేనే గ్రాండేలో షెల్ సంస్థ ఆవిరి ప్రయోగం చేస్తుండగా ఆవిరి నేలను చీల్చుకుని పైకి తన్నింది, ఒత్తిడి తగ్గించడానికి బావులను తెరిస్తే చమురు ధారగా వచ్చింది. ఈ పద్ధతి అలా అనుకోకుండా దొరికింది. పెట్టుబడి తక్కువ, ఫలితం త్వరగా కనిపిస్తుంది, కానీ బావి చుట్టూ వేడి చేరినంత మేర చమురే వస్తుంది కనుక ప్రతి విడతకూ దిగుబడి తగ్గుతూ పోతుంది.

రెండవది ఒక బావి నుంచి ఎడతెగక ఆవిరి పంపి, చుట్టుపక్కల బావులవైపు చమురును నెట్టడం. కాలిఫోర్నియాలోని కెర్న్ రివర్, ఇండోనేషియాలోని దురి క్షేత్రాలు దీనితోనే పేరు పొందాయి. చమురు ఎక్కువ వస్తుంది గాని, తేలికైన ఆవిరి, చమురున్న రాతి పొర పైభాగాన దారి చేసుకుని చమురును దాటిపోయే ప్రమాదం ఉంది.

మూడవది రోజర్ బట్లర్ అనే ఇంజినీరు రూపొందించినది. ఇందులో సుమారు 5 మీటర్ల ఎడంతో ఒకదానిపై ఒకటిగా రెండు అడ్డబావులు తవ్వుతారు. పైబావి ఆవిరికి కరిగిన చమురు బరువుతో కిందిబావిలోకి దిగుతుంది. కెనడాలోని అల్బర్టాలో ఇది బాగా నెగ్గినా, అనుకూలమైన చోట కూడా పీపాకు 2 నుంచి 3 పీపాల నీరు కావాలి. పొర మందంగా, అడ్డు రాళ్లు లేకుండా ఉండాలి.

లోతు పెరిగేకొద్దీ గొట్టంలోనే వేడి పోతుంది, ఒత్తిడి పెరిగేకొద్దీ ఆవిరి మోసే గుప్తోష్ణమూ (నీరుగా మారేటప్పుడు విడిచే వేడి) తగ్గుతుంది. సుమారు కిలోమీటరు లోతున్న గుజరాత్‌లోని బలోల్‌లో ఓఎన్‌జీసీ ఆవిరిని కాక గాలిని పంపి, పొరలోనే కొంత చమురును మండించే పద్ధతిని ఎంచుకుంది. రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లా బాఘేవాలాలో ఆయిల్ ఇండియా మాత్రం ఒకే బావి పద్ధతిని చేపట్టింది. పొర తీరు ఇంకా తెలుసుకుంటున్న క్షేత్రానికి అదే మేలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ప్రతి విడతా ఒక పరీక్ష, నష్టం వచ్చినా ఒక బావితో ఆగుతుంది. అయితే ఎడారిలో బాయిలర్‌కు పోసే నీటిలో వీలైనంత భాగం చమురుతో పైకి వచ్చిన నీటిని శుద్ధి చేసి తెచ్చినదే కావాలి.