పాలిమర్ స్ఫటికం పెరిగే వేగం: మైక్రోస్కోపు మేలా, డీఎస్‌సీ మేలా?

నల్లగొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పాలీప్రొపిలీన్‌ను తీసుకున్న విద్యార్థులు నన్ను తరచుగా అడిగే మాట ఒకటుంది: "సార్, డీఎస్‌సీ గ్రాఫు చేతిలో ఉంది కదా, మళ్లీ మైక్రోస్కోపు ఎందుకు?" డీఎస్‌సీ (డిఫరెన్షియల్ స్కానింగ్ కెలోరీమీటర్) అంటే నమూనా వెలువరించే, పీల్చుకునే వేడిని కొలిచే పరికరం. స్ఫటికం పెరుగుదల వేగమే కావాలంటే మైక్రోస్కోపే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

చిన్న పాలీప్రొపిలీన్ గింజను స్లైడుకూ కవర్ స్లిప్‌కూ మధ్య పెట్టి, 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు కరిగించి పాత స్ఫటికాల జాడ లేకుండా చేసి, హాట్ స్టేజిని (మైక్రోస్కోపు కింద స్లైడును వేడిచేసే పీఠాన్ని) 135 డిగ్రీలకు దించి నిలిపితే, ధ్రువిత కాంతిలో నల్లటి తెరమీద గుండ్రటి స్ఫెరులైట్లు (ఒక కేంద్రం నుంచి అన్ని వైపులా పెరిగే స్ఫటికాల గుత్తులు), ఒక్కోదాని నడుమ నల్లని శిలువ గుర్తుతో, మెల్లగా విచ్చుకుంటాయి. నిమిషానికొక ఫొటో తీసి వ్యాసార్ధాన్ని కాలంతో గీస్తే సరళరేఖ వస్తుంది; దాని వాలే పెరుగుదల వేగం. వ్యాసార్ధం ఐదు నిమిషాల్లో 12 మైక్రాన్ల నుంచి 37కు చేరిందనుకుంటే, వేగం నిమిషానికి 5 మైక్రాన్లు. పక్క స్ఫెరులైటును తాకిన వైపు మాత్రం కొలవకూడదు. మా ఎండాకాలపు దుమ్ము స్లైడుమీద పడితే అనవసరమైన కేంద్రకాలు (స్ఫటికం పెరగడం మొదలయ్యే బిందువులు) పుట్టి ఆ తాకిడి మరీ త్వరగా వస్తుంది కనుక, తుడిచిన గాజునే వాడాలి. ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తప్పినా వేగం బాగా మారిపోతుంది కాబట్టి, స్టేజి చూపే అంకెను ద్రవీభవన స్థానం తెలిసిన పదార్థంతో సరిచూసుకోవడం తప్పనిసరి.

డీఎస్‌సీ కొలిచేది స్ఫటికీకరణలో వెలువడే వేడిని. దాని నుంచి అవ్రామీ సమీకరణంతో (స్ఫటికీకరణ కాలంతో ఎలా సాగుతుందో చెప్పే సూత్రంతో) రాబట్టే స్థిరాంకంలో కేంద్రకాల సంఖ్య, పెరుగుదల వేగం రెండూ కలగలిసి ఉంటాయి. కేంద్రకాలన్నీ ఒకేసారి పుట్టి స్ఫెరులైట్లు మూడు దిశలా పెరిగే సందర్భంలో, వాటి సంఖ్య ఎనిమిది రెట్లయితే, పెరుగుదల వేగం ఏమాత్రం మారకపోయినా అర్ధకాలం (స్ఫటికీకరణ సగం పూర్తవడానికి పట్టే సమయం) సగానికి పడిపోతుంది. ఆ గ్రాఫు చూసి "స్ఫటికం రెట్టింపు వేగంతో పెరిగింది" అని రాస్తే అది తప్పు.

అయితే కేంద్రకాలను పెంచే పొడి కలిపిన పాలిమర్‌లో స్ఫెరులైట్లు మైక్రోస్కోపుకు అందనంత చిన్నవిగా ఉండిపోతాయి; అక్కడ ఐదు పది మిల్లీగ్రాముల నమూనాతో డీఎస్‌సీయే దిక్కు. అప్పుడు ఫలితాన్ని "మొత్తం స్ఫటికీకరణ రేటు" అనే పేరుతోనే నమోదు చేయాలి.