చంటిబిడ్డకు మర్దన: అవ్వ చెయ్యి మేలా, అమ్మ చెయ్యి మేలా?

మా అనంతపురంలో కాన్పయిన ఇంటికి నీళ్లు పోసే అవ్వ రావడం ఇప్పటికీ ఉంది. పొద్దున్నే వస్తుంది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఆముదం పట్టిస్తుంది. నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ చూపించి, గుడ్డలో చుట్టి చేతికిచ్చి పోతుంది. నా మొదటి కాన్పులో నేను పక్కన నిలబడి చూశా. రెండో బిడ్డకు నేనే రుద్దుకున్నా.

అవ్వ దగ్గరున్నది ధైర్యం. మెడ నిలవని బిడ్డను తడిచేత్తో బోర్లా తిప్పడం ఎవరికైనా భయమే. గదవ (గడ్డం) కింద అరచెయ్యి పెట్టి, రొమ్మును ముంజేతికి ఆనించి తిప్పడం నేను ఆమెను చూసే నేర్చుకున్నా. బాలింత నడుముకు నూనె పట్టించడంలో ఆమెకు సాటి లేరు.

బిడ్డ దగ్గరికొచ్చేసరికే నాకు పేచీ. ఆమెకు ఇంకో రెండిళ్లకు పోవాలి, చెయ్యి ఆగదు. బిడ్డ గుక్కపట్టినా "ఏడిస్తే ఒళ్లు గట్టిపడుతుందిలేమ్మా" అనేది. ముక్కు నిలబడాలని నొక్కడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం, ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, రొమ్ములు పిండడం మాత్రం ఎవరు చేసినా వద్దనండి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పసిబిడ్డ రొమ్ము ఉబ్బడం తల్లి హార్మోన్ల వల్లే, దానంతటదే తగ్గుతుంది. పిండితే చీము పడుతుంది. సాంబ్రాణి పొగ కూడా ఆ చిన్న ఊపిరికి మంచిది కాదు.

మెల్లని స్పర్శకే పలికే సన్నని నరాలు మన చర్మంలో ఉన్నాయి. చెయ్యి సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో కదిలితే అవి బాగా స్పందిస్తాయి. బిడ్డ మెడ నుంచి నడుము దాకా ఒక్కసారి నిమరడానికి నాలుగైదు సెకన్లు పట్టాలన్నమాట. ఆ తీరిక అమ్మకే ఉంటుంది. నా రెండోది మూడో వారంలోనే చెప్పడం మొదలుపెట్టింది: తొడ నుంచి మడమ దాకా నిమిరితే కాలివేళ్లు విప్పేది, చాలనుకుంటే మొహం తిప్పేసేది. మొహం తిప్పితే ఆపేసేదాన్ని. మొదటిదానికీ ఇట్లాగే చెప్పాలని ఉండి ఉంటుంది. వినడానికి నేను దగ్గర లేను.

పాలు తాగిన వెంటనే రుద్దొద్దు, అరగంట పైన ఆగండి.

నూనె సంగతి త్వరగా చెప్తా. ఆముదం జిడ్డు, చిక్కన. కడగాలంటే నలుగుతో గట్టిగా రుద్దాల్సి వస్తుంది. మా జిల్లాలో ఇంటినిండా ఉండేది చెనిక్కాయల నూనె. ఒంటిమీద పొక్కులు, పగుళ్లు ఉన్న బిడ్డకు అది వాడొద్దు, వేరుశనగ పడకపోవడం అట్లా చర్మం గుండా మొదలవ్వచ్చు. ఆవనూనె మంట పుట్టిస్తుంది. నా ఓటు కొబ్బరినూనెకే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు అదీ పలచగా పూసి కడిగేయాలి, లేకుంటే చెమటకాయలు.

బరువు తక్కువతో పుట్టిన బిడ్డకైతే మర్దన కన్నా గుండెకు హత్తుకోవడమే ముందు. బట్ట అడ్డం లేకుండా రొమ్ము మీద పడుకోబెట్టుకునే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. పుట్టగానే దీన్ని మొదలుపెడితే, కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్లో మరణాలు 25 శాతం తగ్గాయని మన దేశంతో సహా అయిదు దేశాల్లో చేసి 2021లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. రోజుకు 8 నుంచి 24 గంటలు అట్లా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నాన్న రొమ్మైనా పనికొస్తుంది. ఇంట్లో మగవాళ్లను పిలవడానికి సిగ్గుపడొద్దండి.

రెండో కాన్పులో అవ్వతో ముందే చెప్పినా: "నాకు నువ్వు రుద్దు అవ్వా, బిడ్డకు నేను రుద్దుకుంటా. నువ్వు పక్కన కూచో." మొదట మొహం మాడ్చుకుంది. మూడో రోజు నేను బోర్లా తిప్పుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "గదవ కింద పట్టుకో అమ్మీ, ఆ... అట్ల" అనింది.