చెర్రీ రొయ్యల తొట్టిలో రెండేళ్లుగా స్పాంజ్ ఫిల్టర్

40 లీటర్ల తొట్టి, రెండు స్పాంజిల ఫిల్టర్, చిన్న ఎయిర్ పంపు. పంపు గాలి బుడగలుగా పైకి లేస్తూ నీళ్లను స్పాంజిల గుండా లాగుతుంది. చెర్రీ రొయ్యలకు, అంటే అక్వేరియంలో పెంచుకునే చిన్న ఎర్ర రొయ్యలకు, ఇంతకుమించి అక్కర్లేదు. వెనక తగిలించే ఫిల్టర్లు ఒకటి రెండు మిల్లీమీటర్ల పిల్లల్ని లాగేస్తాయి, దీనితో ఆ బెడద లేదు. పైగా స్పాంజి మీద పట్టే జిగురును రొయ్యలు పొద్దస్తమానం గీక్కుని తింటాయి.

బుడగలు పలచబడ్డాయంటే కడగాల్సిందే, సుమారు నెలకోసారి. రెండూ ఒకేసారి వద్దు, మధ్యలో రెండు వారాలు ఆగాలి. ముందు స్పాంజిని మెల్లగా కదిపితే పిల్లలు పక్కకు పోతాయి. తర్వాత నీళ్లలోనే ప్లాస్టిక్ కవర్ తొడిగి పైకి తీయాలి, లేకపోతే మడ్డంతా తొట్టిలో కలుస్తుంది. పిండేది తొట్టిలోంచి తోడిన నీళ్లలోనే. కుళాయి కింద పెడితే క్లోరిన్‌కి స్పాంజిలో అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా చచ్చి, అమ్మోనియా పెరుగుతుంది.

లోపాలూ ఉన్నాయి. ఫిల్టర్‌ను అద్దానికి అంటించే రబ్బరు కప్పులు ఆరు నెలల్లో గట్టిపడి గోడను వదిలేశాయి. డబ్బాలో చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చి, నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) ఇవ్వలేదు. పంపు నీటిమట్టానికి కింద ఉంటే, కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి పంపులోకి దిగుతాయి. వాల్వ్ విడిగా కొని బిగించాలి. తిరగేసి బిగిస్తే గాలే రాదు, ముందు నోటితో ఊది చూసుకోండి.

నీళ్ల గట్టిదనం (కాల్షియం, మెగ్నీషియం లవణాల పాళ్లు) మాత్రం ఏ ఫిల్టరూ సరిచేయదు. రొయ్య నడుము చుట్టూ తెల్లటి ఉంగరంలా కనిపిస్తే గుల్ల సరిగ్గా విడవట్లేదని అర్థం. ఎక్కువగా ఇది ఒక్కసారే సగం నీళ్లు మార్చేవాళ్ల తొట్టిలోనే వస్తుంది. వారానికి నాలుగు లీటర్లు, అదీ సన్నటి ట్యూబుతో చుక్కలుగా వదలాలి. 500 టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) బోరు నీళ్లకు అంతే ఆర్వో నీళ్లు కలిపితే 270 దరిదాపుల్లోకి వస్తుంది, అది బాగానే సరిపోతుంది. ఎండాకాలం ఆవిరైన మేరకు ఉత్త ఆర్వో నీళ్లే పోయాలి. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి.

ఎయిర్ పంపు గదిలో గాలినే లోపలికి తోస్తుంది. ఆ గదిలో దోమల మందు కొట్టారా, తెల్లారేసరికి రొయ్యలు వెల్లకిలా పడి ఉంటాయి. రాగి ఉన్న చేపల మందులూ అంతే ప్రమాదం.

పంపులో గాలిని తోసే రబ్బరు పొర (డయాఫ్రమ్) ఒకసారి మార్చాల్సి వచ్చింది. స్పాంజిలు మాత్రం ఇంకా మొదటివే.