గుల్మార్గ్ అని చెప్పి టాంగ్‌మార్గ్‌లో దించారు

ప్యాకేజీ కాగితం మీద ‘గుల్మార్గ్‌లో 4 రాత్రులు’ అని ఉంది. బండి మాత్రం కొండ కింద ఉన్న టాంగ్‌మార్గ్‌లో ఆగింది. ఈ రెండు ఊళ్ళకూ మధ్య 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. కాశ్మీర్ పటం మీద అది వేలెడంత కూడా ఉండదు. కానీ చలికాలంలో, చిన్నపిల్లాడితో, స్కీయింగ్ కోసం వెళ్ళినవాళ్ళకు ఆ 13 కిలోమీటర్లే సగం సెలవును మింగేస్తాయి. మాకు అదే జరిగింది. ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆయన, పన్నెండేళ్ళ మా వాడు, మా ఆడపడుచు. స్కీయింగ్ ఆలోచన ఆమెదే. మొదట 2024 సంక్రాంతి సెలవులకు అనుకున్నాం. తీరా జనవరి వచ్చేసరికి గుల్మార్గ్‌లో మంచే పడలేదు. టీవీలో ఎండిపోయిన గడ్డి చూపిస్తున్నారు. మా ఆఫీసులో ఒకాయన అప్పుడే కుటుంబంతో వెళ్ళి గడ్డి మీద ఫొటోలు దిగి వచ్చారు. పాపం, పిల్లలు దారంతా ఏడ్చారట. కాశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు, అంటే చలి బాగా ముదిరే కాలం. మామూలుగా ఆ రోజుల్లోనే మంచు దట్టంగా పడాలి. ఆ ఏడాది జనవరి నెలాఖరు దాకా మొండికేసింది. మేము తేదీలు ఫిబ్రవరి రెండో వారానికి మార్చుకున్నాం. అందుకు ఏజెంటు మనిషికి 3,000 చొప్పున 12,000 తీసుకున్నాడు. మా వాడికి వారం రోజులు బడి పోయింది. అయినా మార్చుకోవడమే మంచిదైంది. స్కీయింగ్‌కి వెళ్ళాలనుకుంటే సంక్రాంతి సెలవులను నమ్ముకోకండి. ఫిబ్రవరికి పెట్టుకోండి. బయల్దేరే ముందు పది రోజులూ అక్కడి వాతావరణ వార్తలు చూస్తూ ఉండండి.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌కు రానూపోనూ నలుగురికీ 74,600 అయింది. ప్రయాణం సాఫీగా సాగింది. ఒక్క విషయం ముందే తెలుసుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. మాలో మా ఆడపడుచు ఫోన్ ఒక్కటే పనిచేసింది. ఆ ఒక్క ఫోన్ లేకపోతే తర్వాత జరిగినదానికి మేము ఏమీ చేయగలిగేవాళ్ళం కాదు.

హోటల్ సంగతికి వస్తాను. చేరేసరికి సాయంత్రం అయిదున్నర. గదిలో అడుగుపెట్టగానే చలి బయటికంటే లోపలే ఎక్కువ అనిపించింది. హీటర్ ఉంది కానీ కరెంటు లేదు. జనరేటర్ ఏడింటికి వేస్తామన్నారు, ఎనిమిదిన్నరకు వేశారు. పదకొండింటికి మళ్ళీ ఆపేశారు. ఎలక్ట్రిక్ దుప్పటి వేడెక్కేలోపే చల్లారిపోయింది. వేడినీళ్ళు ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకేనట. నలుగురం ఆ గంటలోనే స్నానాలు కానివ్వాలి. మూడో మనిషికే గోరువెచ్చగా వచ్చాయి. మా వాడు రాత్రంతా స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని నన్ను కరుచుకుని పడుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చలికంటే కోపమే ఎక్కువ. ఏజెంటుకు ఫోన్ చేస్తే, ‘టాంగ్‌మార్గ్ కూడా గుల్మార్గ్ కిందికే వస్తుంది మేడమ్, అందరికీ అక్కడే ఇస్తాం’ అన్నాడు. అందరికీ ఇస్తే ఆ మాట కాగితం మీద ఎందుకు రాయలేదని అడిగాను. నెట్‌వర్క్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే అసలు కష్టం తెలిసింది. మంచు ఉన్న రోజుల్లో మనల్ని తెచ్చిన కారు పైకి వెళ్ళదు. టైర్లకు గొలుసులు కట్టిన స్థానిక బండి మాట్లాడుకోవాలి. మాకు రానూపోనూ 2,600 పడింది, అది ప్యాకేజీలో లేదు. గమ్‌బూట్లు, మందపాటి కోట్లు అద్దెకు మనిషికి 500. ఆ కోట్లు తడిగా ఉన్నాయి, వాసన కూడా వేస్తున్నాయి. వరసలో నిలబడి, బండి దొరికి, మలుపుల్లో ఆగిన బండ్ల వెనక ఆగుతూ పైకి చేరేసరికి పదకొండున్నర. డ్రైవర్ నాలుగింటికల్లా దిగిపోవాలన్నాడు. అంటే స్కీయింగ్ కోసం దాదాపు రెండు వేల కిలోమీటర్లు వచ్చిన మాకు రోజుకు మిగిలింది నాలుగున్నర గంటలు.

ఆ సమయమైనా బాగా గడిచి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ప్యాకేజీలో ‘ఒక గంట స్కీయింగ్ ఉచితం’ అని ఉంది. పైన ఒకతను వచ్చి మా నలుగురికీ కుప్పలోంచి బూట్లు తీసి ఇచ్చాడు. మా వాడికి ఇచ్చినవి రెండు సైజులు పెద్దవి. అడిగితే ‘రెండో సాక్స్ వేయండి, సరిపోతుంది’ అన్నాడు. మా ఆయనకు బిగుతై పిక్కలు పట్టేశాయి. మంచు మీద జారే పొడవాటి పలకలు, అదే స్కీలు, కాళ్ళకు తగిలించి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని చిన్న వాలు మీదికి లాక్కెళ్ళి, వెనక నుంచి తోసి, కింద ఇంకొకతను పట్టుకునేలా చేశారు. మూడుసార్లు అలా జరిగాక ఫొటోలు తీసి అయిపోయిందన్నారు. ఎలా ఆగాలో, ఎలా తిరగాలో ఒక్క ముక్క చెప్పలేదు. మా వాడు రెండోసారి పడ్డప్పుడు స్కీ ఊడలేదు, కాలు మెలిపడింది. అదృష్టం బాగుండి బెణకలేదు. మా ఆయన కోపంతో బూట్లు విప్పేసి, బెంచీ మీద కూర్చుని, మధ్యాహ్నం అంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన కోపం నా మీద కాదని తెలిసినా మనసు చివుక్కుమంది. ఏడాదిగా దాచిన డబ్బు అది.

కాసేపటికి మా ఆడపడుచు టీ కొట్టు దగ్గర నిలబడి చుట్టూ చూస్తూ, ‘వదినా, అటు చూడు’ అంది. కొంచెం అవతల వాలు మీద పదేళ్ళ పిల్లలు కొందరు ఒక మనిషి వెనకాల బాతుపిల్లల్లా వంకరటింకరగా దిగుతున్నారు. ఎవరూ ఎవరినీ తోయడం లేదు, పడినవాళ్ళు తమంతట తామే లేస్తున్నారు. ఆమె తిన్నగా వెళ్ళి అతనితో మాట్లాడింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, అక్కడి పల్లెటూరి అబ్బాయే. చలికాలం స్కీయింగ్ నేర్పుతాడు, ఎండాకాలం ట్రెక్కింగ్‌కు తీసుకెళ్తాడు. గైడు కార్డు చూపించమంటే వెంటనే తీసి చూపించాడు. మా నలుగురికీ రోజుకు 4,000. స్కీలు, బూట్లు, కర్రలు మంచి దుకాణంలో మనిషికి రోజుకు 900. బేరం ఆడలేదు. ఆ రాత్రి టాంగ్‌మార్గ్‌లో కూర్చుని, మిగిలిన రెండు రాత్రుల డబ్బు పోతే పోయిందనుకుని, పైన గుల్మార్గ్‌లోనే గది వెతికాం. అదనపు మంచంతో పెద్ద గది, రెండు పూటలా భోజనంతో రాత్రికి 9,200. మా ఆయన, ‘ఇంకో పద్ధెనిమిది వేలా?’ అన్నారు. మా ఆడపడుచు, ‘అన్నయ్యా, ఇక్కడే ఉంటే పెట్టిన లక్షా పోయినట్టే’ అంది. ఆయన ఇంకేమీ అనలేదు. పొద్దున్నే సామాన్లు సర్దారు.

తర్వాతి రెండు రోజుల గురించి ఎంత రాసినా తనివి తీరదు.

ఆ అబ్బాయి మమ్మల్ని ముందు మంచులోకి తీసుకెళ్ళలేదు. బూట్ల దుకాణంలోనే ముప్పావు గంట కూర్చోబెట్టాడు. రెండో జత సాక్సులు తీసేయించాడు. ఒక్కటే జత ఉండాలి, బూటు లోపల మడత పడకూడదు. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే వేళ్ళు ముందువైపు తగిలీ తగలనట్టు ఉండాలి. మోకాళ్ళు వంచి ముందుకు వాలితే వేళ్ళు కాస్త వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. మా వాడికి మూడు జతలు మార్చి చూశాడు. కొత్తవాళ్ళకు స్కీ గడ్డం దాకా ఉంటే చాలని పొట్టివి ఎంచాడు. తర్వాత ఒక్కొక్కరి బరువు అడిగి, బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును స్క్రూడ్రైవర్‌తో సరిచేయించాడు. పడినప్పుడు స్కీ తనంతట తాను ఊడాలంటే అది మనిషి బరువును బట్టి ఉండాలట. ముందురోజు మమ్మల్ని బరువు అడిగినవాళ్ళే లేరు. మా వాడి కాలు మెలిపడింది అందుకేనని అర్థమై నా ఒళ్ళు జలదరించింది. స్కీయింగ్‌కు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. బరువు అడగని చోట స్కీలు కట్టించుకోకండి.

మొదటి గంట ఒక కాలికే స్కీ. చదును నేల మీద నడక, తర్వాత పక్కవాటుగా వాలు ఎక్కడం. పడటం కూడా నేర్పాడు, వెనక్కి కాదు, పక్కకు. ఆగడానికి స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, వెనక కొసలు దూరంగా నెట్టాలి. దాన్ని అక్కడ పిల్లలకూ పెద్దలకూ ‘పిజ్జా’ అనే చెబుతారు. మా వాడికి ఆ మాట వినగానే వచ్చేసింది. నాకు మధ్యాహ్నం దాకా రాలేదు. భయం వేసినప్పుడల్లా వెనక్కి వాలిపోయేదాన్ని, వాలిన కొద్దీ స్కీలు వేగం అందుకునేవి. ‘దీదీ, కొండ వైపు కాదు, లోయ వైపు వంగండి’ అని ఇరవై సార్లు చెప్పాడు. ఇరవయ్యోసారి కూడా గొంతు పెంచలేదు. రెండో రోజు పదకొండు గంటల ప్రాంతంలో ఎవరూ పట్టుకోకుండా, రెండు మలుపులు తిరిగి, అనుకున్న చోట ఆగాను. కింద మా ఆయన చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది. ఆ సాయంత్రం ఆయనే, ‘ఇంకోసారి దిగుదాం రా’ అని నన్ను పిలిచారు.

గది కూడా బాగుంది. గొప్పదేం కాదు, కానీ బుఖారీలో, అంటే గదిని వేడిచేసే ఇనుప పొయ్యిలో, కట్టెలు రాత్రంతా మండాయి, నీళ్ళు వేడిగా వచ్చాయి. అన్నిటికంటే ముఖ్యం, వాలు దగ్గరికి పది నిమిషాల నడక. అలసిపోతే గదికి వచ్చి, కాసేపు పడుకుని, మళ్ళీ వెళ్ళేవాళ్ళం.

భోజనం గురించి కూడా చెప్పాలి. మధ్యాహ్నం ఆ అబ్బాయి తనవాళ్ళు తినే చిన్న కొట్టుకు తీసుకెళ్ళాడు. నలుగురికీ 760. కాశ్మీరీలూ మనలాగే అన్నం తినే మనుషులని అక్కడే తెలిసింది. వేడి అన్నంలో హాక్ అనే ఆకుకూర వడ్డించారు. ఆవనూనె, ఎండుమిరపకాయలు, ఇంగువ, అంతే. ఆవనూనె ఘాటుకు మొదటి ముద్ద వింతగా ఉంది, మూడో ముద్దకు మా అమ్మమ్మ చేసే ఆకుకూర గుర్తొచ్చింది. తామర తూళ్ళు పెరుగులో ఉడికించిన నద్రూ యఖ్నీ అయితే మన మజ్జిగ పులుసుకు దూరపు చుట్టమే. మా వాడు దాన్ని రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. హైదరాబాద్ నుంచి మోసుకెళ్ళిన పచ్చడి సీసా ఆ రోజు మూత తీయలేదు.

చివరి రోజు గొండోలా, అంటే కొండ మీదికి తీగల మీద వెళ్ళే కేబుల్ కారు, ఎక్కాం. మా ఆడపడుచు టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవడం వల్ల ఇబ్బంది లేకపోయింది. అక్కడికి వెళ్ళాక చూసుకుందాం అనుకుంటే దొరకవు. రెండు దశలకూ కలిపి నలుగురికీ ఏడు వేలకు అటూ ఇటూగా అయింది. మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండోది అఫర్వట్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు. గాలి ఎక్కువగా ఉన్నా, కొత్త మంచు పడి మంచుచరియలు విరిగిపడే భయం ఉన్నా రెండో దశ ఆపేస్తారు. ఆపితే గొడవపడకండి, అది మన ప్రాణాల కోసమే. పైన అరగంటకే మా ఆయనకు తల పట్టేసి దిగిపోయాం. రెండు రోజులు నేర్చుకున్న ధైర్యంతో పైనుంచి స్కీలతో దిగుతామనేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. అది బాగా వచ్చినవాళ్ళు దిగే కొండ.

ప్యాకేజీకి కట్టిన 1,12,000తో కలిపి మొత్తం ఖర్చు రెండు లక్షల నలభై అయిదు వేలు దాటింది. అందులో నేర్పినతనికి 8,000, మంచి సామానుకు 7,200. మాకు సెలవును తిరిగి ఇచ్చింది ఆ 15,200. మళ్ళీ వెళ్తే ప్యాకేజీ జోలికి పోను. విమానం, వాలుకు నడిచి వెళ్ళగలిగే గది, నేర్పే మనిషి, ఈ మూడే నేరుగా మాట్లాడుకుంటాను. పిల్లలను నిజంగా స్కీయింగ్‌లో పెట్టాలనుకునేవాళ్ళు గుల్మార్గ్‌లోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ కోర్సుల గురించి కనుక్కోండి. అది కేంద్ర పర్యాటక శాఖ నడిపే సంస్థ.

తిరిగొచ్చాక ఏజెంటుకు కాగితం, హోటల్ బిల్లు, టాంగ్‌మార్గ్ బోర్డు కనిపించే ఫొటో పంపి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని రాశాను. నెల రోజుల తర్వాత 14,000 వెనక్కి వేశాడు. ఆ డబ్బుతో మా వాడికి మంచి చేతి తొడుగులూ, కళ్ళద్దాలూ కొన్నాం. వాడు వాటిని అలమరలో కాకుండా మంచం పక్కనే పెట్టుకున్నాడు.