డాట్సన్ 240జెడ్‌కి ఫైబర్ ప్యానెళ్లు: కొనే ముందు తిరగేసి చూడండి

నిస్సాన్ వారి పాత స్పోర్ట్స్ కారు డాట్సన్ 240జెడ్‌కి ఇప్పుడు దొరికే ఫైబర్ సామాన్లలో ముఖ్యమైనవి బానెట్, ముందు ఫెండర్లు, చక్రాల పైన బిగించే జెడ్‌జీ ఫ్లేర్లు, కారు ముందు భాగాన్ని పొడుగు చేసే జీ-నోస్, ముందు కింది అంచున గాలికి అడ్డుగా ఉండే ఎయిర్ డ్యామ్. అన్నిటికీ ఒకే మార్కు వేయడం కుదరదు. ఫ్లేర్లు నిస్సంకోచంగా కొనొచ్చు. బానెట్ వెనక వైపు చూశాకే కొనాలి. రోజూ రోడ్డెక్కే కారుకైతే ఫైబర్ ఎయిర్ డ్యామ్ వద్దు.

ముందు బరువు సంగతి. ఫైబర్ అనగానే సగం బరువు తగ్గిపోతుందని చాలామంది నమ్మకం. లెక్క వేస్తే అసలు విషయం తెలుస్తుంది. 0.8 మి.మీ. ఉక్కు రేకు చదరపు మీటరుకి సుమారు 6.3 కిలోలు తూగుతుంది. చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే గాజు పోగుల మ్యాట్ మూడు పొరలు, వాటిని అతికించే పాలియెస్టర్ రెజిన్, పై పూత జెల్‌కోట్ అన్నీ కలిపితే అదే చదరపు మీటరు ఐదు కిలోలు. తేడా కిలోకి కాస్త పైన, అంతే. అంతకన్నా బాగా తేలిగ్గా ఉందంటే పొరలైనా తగ్గించి ఉంటారు, రేకు బానెట్ అడుగున ఉండే చట్రాన్నైనా వదిలేసి ఉంటారు. 2 మి.మీ. ఫైబర్ బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, ఆ రేకు బిగువులో సగమే. అదే 3 మి.మీ. ఉంటే రేకు కన్నా దాదాపు రెట్టింపు బిగువుగా ఉంటుంది. ఒక్క మిల్లీమీటరు దగ్గర ఇంత తేడా వస్తుంది కాబట్టి, బరువు తక్కువని మురిసిపోకుండా అంచు మందం కొలవాలి.

ఈ కారు బానెట్‌కి కీళ్లు ముందు, లాక్ వెనక ఉంటాయి. లాక్ మధ్యలో ఒక్కటే కావడంతో పలచటి బానెట్ హైవే మీద అద్దం వైపు మూలల్లో లేచి కొట్టుకుంటుంది. అందుకే బోర్లా తిప్పి చూడాలి. కీళ్ల దగ్గరా లాక్ దగ్గరా లోపల లోహపు పలక పెట్టి దాని మీద మ్యాట్ వేశారా? అడ్డంగా, నిలువుగా పక్కెముకల్లాంటి గట్టి పట్టీలు ఉన్నాయా? నాణెంతో అంగుళం అంగుళం తట్టండి. గట్టి చోట టక్‌మని మోగుతుంది. పొరల మధ్య గాలి చిక్కిన చోట డొల్లగా వినిపిస్తుంది. మడతల్లోనూ మూలల్లోనూ ఇలాంటి చోట్లు ఎక్కువ. రంగేశాక ఎండకి పగిలి గుంటలు పడేది అక్కడే. పక్కెముకలు లేని బానెట్ కొనక తప్పకపోతే వెనక మూలలు రెంటికీ, లేవకుండా పట్టి ఉంచే బానెట్ పిన్నులు పెట్టాలి.

ముందు ఫెండర్లు అసలు కారులోనే బోల్టులతో వస్తాయి కాబట్టి మార్చడం తేలిక. ఫైబర్‌వి అచ్చంగా కూర్చోవు, అంచులు అరగదీయాల్సిందే. పాత ఫెండర్ విప్పాక తలుపు ముందు కింది మూల, బ్యాటరీ ట్రే, అద్దం కింది నీటి దారి చూసి, తుప్పుంటే ముందు దాని పని పట్టాలి. కొత్త ఫెండర్‌తో దాన్ని మూసిపెట్టడం కారుకి ద్రోహం. తర్వాత బోల్టులన్నీ వదులుగా ఉంచి తలుపు గ్యాప్ మొదట, బానెట్ గ్యాప్ తర్వాత సరిచేసుకోవాలి. ఫైబర్ వేడికి ఉక్కు కన్నా రెట్టింపు పైగా సాగుతుంది. 40 డిగ్రీల తేడాకి మీటరు పొడవున అర మిల్లీమీటరు పైనే జరుగుతుంది. డాలస్, ఫీనిక్స్ ఎండల్లో ఉండే మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆరు మి.మీ. బోల్టుకి ఎనిమిది మి.మీ. రంధ్రం, పైన 25 మి.మీ. వెడల్పు వాషర్, కింద పలచటి రబ్బరు పెట్టి, రబ్బరు కాస్త నొక్కుకునే వరకే బిగించాలి. బలంగా తిప్పితే రంధ్రం చుట్టూ నక్షత్రం ఆకారంలో బీటలు వస్తాయి.

జెడ్‌జీ ఫ్లేర్లకి మంచి వంశముంది. 1971లో జపాన్‌లో వచ్చిన 240జెడ్‌జీలో జీ-నోస్‌తో పాటు ఇవీ కంపెనీ నుంచే వచ్చాయి. ఫ్లేర్ల నాణ్యతతో పెద్ద పేచీ ఉండదు, చిక్కంతా వెనక రేకు కోతలో ఉంది. వెనక చక్రం గూటి అంచున బయటి రేకు, లోపలి రేకు కలిసి వెల్డయి ఉంటాయి. ఆ అంచు కోసి వదిలేస్తే రెండు రేకుల మధ్య సందు తెరుచుకుని, నీళ్లూ మట్టీ చేరి క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే బాడీ రేకు) లోపలి నుంచి కుళ్లిపోతుంది. బయటి రేకు మాత్రమే ముందు కోయాలి. లోపలి రేకుకి వేలెడు వెడల్పున గాట్లు పెట్టి, నాలుకల్లా బయటికి మడిచి, బయటి రేకుకి తాకించి చుక్కలు చుక్కలుగా వెల్డు చేయాలి. ఏకధాటిగా వెల్డు చేస్తే రేకు వంకర పోతుంది. ఆపైన సందులు మూసే సీమ్ సీలర్ పూయాలి. టైరు, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో ఆ కొలత) ఎంచుకునేది ఫ్లేర్ టేపుతో అతికించి కొలిచాకే. ఈ రేకు ఒకసారి కోశాక వెనక్కి తేవడం చాలా కష్టం, కాబట్టి గీత గీశాక తొందరపడొద్దు.

జీ-నోస్ అందం వేరు. అయితే ముందు బంపర్ పోతుందని గుర్తుంచుకోవాలి. ఫైబర్‌లో కరెంటు పారదు. దానికి బిగించిన దీపాలు వెలగకపోయినా, మసగ్గా వెలిగినా ముందు ఎర్త్ చూడాలి. ప్రతి దీపం నుంచి విడిగా నల్ల వైరు లాగి బాడీకి కలపాలి.

ఎయిర్ డ్యామ్ కాలిబాట అంచుకి ఒక్కసారి తగిలినా ఫైబర్‌ది పగులుతుంది. పాలీయురేథేన్‌ది వంగి మళ్లీ లేస్తుంది.

రంగు విషయంలో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. అచ్చులోంచి వచ్చిన ప్యానెల్ మీద మైనం ఉంటుంది. సబ్బునీళ్లతో కడిగి, వ్యాక్స్ రిమూవర్‌తో తుడవకుండా ఉప్పు కాగితం పెడితే మైనం గీతల్లోకి దిగి, తర్వాత పెయింటు చేప కళ్లలా విచ్చుకుంటుంది. కడిగాక ప్యానెల్‌ని కారుకే బిగించి కొన్ని వారాలు ఎండలో ఉంచండి. రెజిన్ పూర్తిగా గట్టిపడకముందే రంగేస్తే మ్యాట్ పోగులు పైకి కనిపిస్తాయి, నల్ల రంగులో మరీనూ. ఆపైన 180 నంబరు కాగితం, ఎపాక్సీ ప్రైమర్, మందంగా పేరుకునే హై-బిల్డ్ ప్రైమర్, చెక్క దిమ్మెతో 320, చివర 600. గాజు పొడి ఊపిరితిత్తులకి చేటు, మాస్కు లేకుండా అరగదీయొద్దు.

పార్సిల్ రాగానే పెట్టె విప్పి, సంతకం పెట్టకముందే అంచులూ మూలలూ చూడండి. కారు మీద ఆనించి చూడటం పూర్తయ్యే దాకా డ్రిల్ ముట్టుకోవద్దు. రంధ్రం పడ్డ ప్యానెల్‌ని అమ్మినవాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోరు.