జాయింట్ పేరు మీదున్న ఫ్లాట్ కొంటున్నారా? చనిపోయినాయన తల్లి ఉన్నారేమో ముందు అడగండి

భార్యాభర్తలిద్దరి పేరు మీదున్న ఫ్లాట్, భర్త చనిపోయాక అమ్మకానికి వస్తే బయానా ఇచ్చేముందు ఇది చదవండి. హైదరాబాద్‌లో మేం అలాంటి ఫ్లాటే మాట్లాడుకున్నాం. మా డబ్బు ఇంకా అమ్మేవాళ్ల దగ్గరే ఉంది.

కాగితాలు చూస్తే వంక పెట్టడానికి లేదు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే కాగితం) శుభ్రంగా ఉంది. మీసేవ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో భార్య, కొడుకు, కూతురు పేర్లున్నాయి. "జాయింట్ పేరు కదండీ, ఆయన పోయాక మొత్తం ఆవిడదే. అయినా పిల్లలతో కూడా సంతకాలు పెట్టిస్తాం" అన్నాడు మధ్యవర్తి.

లోన్‌కి వెళ్తే బ్యాంకు లాయరు మొదట అడిగింది ఆయన తల్లి గురించే. ఆవిడ ఊళ్లో చిన్నకొడుకు దగ్గర ఉన్నారు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

బ్యాంకు ఖాతాకుండే 'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఒకరు పోతే రెండోవారికే) పద్ధతి ఇంటికీ ఉంటుందని చాలామంది నమ్మకం. అది తప్పు. దస్తావేజులో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప ఎవరి వాటా వారిదే, పోయినవారి వాటా వారి వారసులకే. వీలునామా లేకపోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవారి ఆస్తికి భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలు. అందరికీ సమాన భాగం, కూతురికి పెళ్లయినా సరే. చెరిసగం అనుకుంటే ఈ ఫ్లాట్‌లో భార్యకు ఎనిమిదింట ఐదు వంతులు, పిల్లలిద్దరికీ, తల్లికీ తలా ఎనిమిదో వంతు. తల్లి సంతకం లేకుండా రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఆ వంతు మనకు రాదు. తర్వాత ఆవిడ తరఫున ఎవరైనా వాటా పంచమని పార్టిషన్ దావా వేయొచ్చు. (ముస్లింలకు, క్రైస్తవులకు లెక్క వేరు, లాయరునే అడగాలి.)

ఇదంతా తేలేలోపు ఆ పెద్దావిడ కాలం చేశారు. ఆవిడ భర్త ముందే పోయారు. దాంతో ఆ ఎనిమిదో వంతు ఆవిడ చిన్నకొడుకుకీ, ఇద్దరు కూతుళ్లకీ, పోయిన కొడుకు పిల్లలకీ చేరింది. ఒక కూతురు అమెరికాలో ఉన్నారు, ఆవిడ కాన్సులేట్ ద్వారా జీపీఏ (తన బదులు సంతకం పెట్టే అధికారపత్రం) పంపాలి. ఆడపడుచులు మా వాటా డబ్బిస్తేనే సంతకం అంటున్నారు. అది వాళ్ల హక్కు, వాళ్లని నేను తప్పుపట్టను. అమ్మేవాళ్లు మాత్రం వేరే బేరం కుదిరాకే మా అడ్వాన్స్ తిరిగిస్తామంటున్నారు. ఇప్పుడు అవే కాగితాలతో, అవే మాటలతో ఆ ఫ్లాట్‌ని ఇంకొకరికి చూపిస్తున్నారు. ఈ పోస్టు పెట్టింది అందుకే.

ఫ్యామిలీ సర్టిఫికెట్‌తో ఆగొద్దు. పోయినాయన తల్లి ఉన్నారా, ఆయన తర్వాత ఆవిడ కూడా పోతే ఆవిడ పిల్లలెవరు అని ఊళ్లో కనుక్కోండి. వారసులందరూ సేల్ డీడ్‌లో అమ్మకందారులుగా ఉండాలి, లేదా తమ వాటా వదులుకున్నట్టు రిజిస్టరు చేసిన రిలీజ్ డీడ్ చూపించాలి. మైనరు వాటా ఉంటే కోర్టు అనుమతి తప్పనిసరి. అది లేకుండా ఆ మైనరు తరఫున వాళ్ల తల్లి సంతకం పెట్టినా పెద్దయ్యాక ఆ పిల్లలు అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. వారసుల సంతకాలు రాకపోతే అడ్వాన్స్ ఫలానా తేదీలోపు వాపసు ఇవ్వాలని అగ్రిమెంట్‌లోనే రాయించండి.