అంబాసిడర్ డోర్ తాళాలు: పాతవి బాగుచేయించాలా, కొత్తవి వేయించాలా?

కాకినాడ ఉప్పుగాలిలో పాత కారు పెట్టుకున్నవాళ్లను ఇంజన్ కన్నా ముందు ఇబ్బంది పెట్టేవి డోర్లు. మాది 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4. డ్రైవర్ డోర్ తాళం పట్టేస్తే విప్పి బాగుచేయించాను. ముందు ఎడమ డోర్‌కు కోల్‌కతా నుంచి తెప్పించిన పాత లాచ్ (మూసిన డోర్‌ను పట్టి ఉంచే భాగం) వేశాం. వెనక ఎడమ డోర్‌కూ డిక్కీకీ బజార్లో దొరికే కొత్త సామాను పడింది. ఒకే కారుకు మూడు రకాలు, ఒకే ఎండావానల్లో కొన్నేళ్లు నడిచాయి. వాటిని చూశాక నా మాట ఇది: లోపలి జింకు బాడీ చీలనంతవరకు పాత తాళాన్ని పారేయకండి.

డోర్ తెరుచుకోకపోతే అందరూ తాళం పోయిందనేస్తారు. అక్కడ మూడు వేరువేరు భాగాలున్నాయి. తాళంచెవి పెట్టే సిలిండర్, బయటి హ్యాండిల్‌కున్న బటన్, డోర్ అంచున ఉండి, కారు బాడీకి బిగించిన స్ట్రైకర్ అనే ముక్కను పట్టుకునే లాచ్. చెవి లోపలికి వెళ్లి తిరగకపోతే సిలిండర్ పట్టేసినట్టు. చెవి ఉత్తినే గిరగిరా తిరుగుతూ లాక్ పడకపోతే సిలిండర్ వెనక ముక్క విరిగి ఉంటుంది. బటన్ నొక్కుడుపడినా డోర్ రాకపోతే లాచ్‌లో గ్రీజు గడ్డకట్టి ఉండాలి, లేదా బటన్‌కూ లాచ్ మీటకూ మధ్య సందు పెరిగి ఉండాలి. ఇంకొకటి, డోర్‌ను కొంచెం పైకెత్తి పట్టుకుని మూయండి. అలా చేస్తే చక్కగా పడుతోందంటే లాచ్ తప్పేమీ లేదు, బందులు అరిగి డోర్ కిందికి దిగింది. ఇది చూడకుండా లాచ్ మార్పించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

సిలిండర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. దాని లోపల సన్నటి ఇత్తడి పలకలు, ఒక్కోదానికి ఒక్కో చిన్న స్ప్రింగు ఉంటాయి. సరైన చెవి పెడితే పలకలన్నీ సమంగా సర్దుకుని సిలిండర్ తిరుగుతుంది. ఏళ్ల తరబడి పోసిన నూనెకు దుమ్ము పట్టి, ఆ జిగురులో ఒక్క పలక ఇరుక్కున్నా చాలు, ఇక తిరగదు. అలాంటప్పుడు పట్టకారుతో చెవిని మెలితిప్పకూడదు. చెవి విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. మా మెకానిక్ డోర్ ప్యాడ్ (లోపలి వైపు కప్పి ఉండే అట్ట) తీసి, హ్యాండిల్ విప్పి, సిలిండర్‌ను రాత్రంతా డీజిల్‌లో నానబెట్టాడు. పొద్దున హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తడుతూ, చెవిని లోపలికీ బయటికీ ఆడించాడు. అరగంటలో కదిలింది. తర్వాత పలకలన్నీ తీసి, వరస తప్పకుండా తెల్ల కాగితం మీద పేర్చి, ఒక్కోటి తుడిచాడు. రెండు స్ప్రింగులు తుప్పుకు తెగిపోయాయి. అవి మాత్రమే మార్చాం.

తాళం బాడీ మీద తెల్లటి పొడి కనిపిస్తే అది జింకుకు పట్టిన తుప్పు. ఇంట్లో ఇత్తడి సామాన్లు తోమినట్టు చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వాడదామని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి వద్దు. పులుపు జింకును తినేస్తుంది. మెత్తటి బ్రష్షు, డీజిల్ చాలు.

డ్రైవర్ డోర్ వాడకం మిగతా అన్నిటికన్నా ఎక్కువ. అయినా బాగుచేయించిన ఆ తాళం ఇప్పటికీ రెండు వేళ్లతో తిరుగుతుంది. కొత్తగా వేసిన డిక్కీ తాళం మొదట్లో ఎంతో నునుపుగా ఉండేది. రెండో వానాకాలానికే పైన క్రోమ్ పొక్కింది. ఇప్పుడు చెవిని కాస్త వెనక్కి లాగి పట్టుకుంటేనే తిరుగుతోంది, అంటే పలకలు అరిగిపోతున్నాయి. పైగా ఆ తాళానికి వేరే చెవి, జేబులో ఇంకో బరువు. వెనక డోర్‌కు వేసిన కొత్త లాచ్ రేకు పాతదానికన్నా పల్చన. పడుతుంది, పట్టుకుంటుంది, కానీ మూసినప్పుడు వచ్చే ఆ గట్టి చప్పుడు లేదు. ఆ సీట్లో పిల్లలు కూర్చుంటే నేను స్వయంగా లాగి చూసుకున్నాకే బండి కదిలిస్తాను. రోడ్డు మీద డోర్ తెరుచుకుంటే ఏమవుతుందోనన్న టెన్షన్ నాకు ఆ ఒక్క డోర్ విషయంలోనే ఉంది.

అంబాసిడర్లు తయారైన పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014లోనే తయారీ ఆగిపోయింది. ఇప్పుడు షాపుల్లో కొత్తది అని ఇచ్చేవి ఎక్కువగా బయటి తయారీలే. విజయవాడ ఆటోనగర్‌లో ఓపిగ్గా తిరిగితే పాత స్టాకు అప్పుడప్పుడూ తగులుతుంది. కానీ అంబాసిడర్ పాత సామానుకు అసలైన చోటు కోల్‌కతా మల్లిక్ బజార్. దశాబ్దాల పాటు ఆ ఊళ్లో పసుపు ట్యాక్సీలన్నీ ఇవే కాబట్టి, తుక్కుకు పోయిన బండ్ల లాచ్‌లు అక్కడికి చేరతాయి. మా ముందు డోర్‌ది అలా వచ్చిందే. బయటంతా తుప్పు, లోపల స్ట్రైకర్‌ను పట్టే పళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి. డీజిల్‌తో కడిగి తెల్ల లిథియం గ్రీజు పెట్టాక కొత్త లాచ్ కన్నా ఎంతో నమ్మకంగా ఉంది. కొనేటప్పుడు మెరుపు చూడొద్దు, పళ్ల అంచులు గుండ్రంగా అరిగాయేమో చూడండి.

డోర్ మూసి ఉండగా లాచ్ పట్టేస్తే పని రెట్టింపు. ఇంకో డోర్‌లోంచి లోపలికి వెళ్లి, అడ్డొస్తే సీటు తీసేసి, ప్యాడ్‌ను అంచునుంచి మెల్లగా ఊడదీసి లాచ్ మీటను చేత్తో కదపాలి. గ్లాసు సందులోంచి రేకు దూర్చి కెలికితే లోపలి కడ్డీలు వంగిపోతాయి.

ఇక నూనెల సంగతి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే నూనె పట్టేసినదాన్ని వదిలించడానికి మంచిదే. తడిని తరిమేందుకే దాన్ని 1953లో అమెరికాలో తయారుచేశారు. అదే ఎప్పటికీ సరిపోతుందనుకోవద్దు, కొన్నాళ్లకు ఆరిపోతుంది. సిలిండర్‌లోకి గ్రాఫైట్ పొడి వేయమని చాలామంది చెబుతారు. పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో అది బాగుంటుంది. మా సముద్రతీరంలో మాత్రం తడీ ఉప్పూ తోడైతే గ్రాఫైట్ పక్కనున్న జింకు ఇంకా త్వరగా తినబడుతుంది. అందుకే నేను ఆరిపోయే రకం టెఫ్లాన్ స్ప్రే వాడుతున్నాను. గ్రీజు లాచ్‌కు మాత్రమే.

తాళం ఎంత బాగుచేసినా డోర్ లోపల నీళ్లు నిలిస్తే మళ్లీ మొదటికే. గ్లాసు రబ్బరు పక్కనుంచి వాన నీళ్లు లోపలికి దిగడం మామూలే, అవి పోవడానికి డోర్ అడుగున రంధ్రాలుంటాయి. పెయింటు వేసేవాళ్లు వాటిని లప్పంతో పూడ్చేస్తుంటారు. సన్నటి తీగతో తెరిపించండి. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చిరిగిపోయి ఉంటే అదే రోజు కొత్తది అతికించండి.

డూప్లికేట్ చెవి చేయించాలంటే అరిగిన చెవిని చూసి కోయనివ్వకండి, ఆ అరుగుదల కొత్తదాంట్లోకీ వచ్చేస్తుంది. సిలిండర్ విప్పి ఉన్నప్పుడే పలకల ఎత్తులు చూసి కోయగల మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. మాకు అలా చేసిన చెవే డ్రైవర్ డోర్‌లో నడుస్తోంది. డిక్కీ పాత సిలిండర్‌ను దాచి ఉంచాను. ఈసారి విప్పినప్పుడు దాన్ని శుభ్రంచేయించి, ఈ కొత్తది తీసేసి, మళ్లీ అదే పెట్టిస్తాను.